ఆరో వాటా

తెగిపోయిన వల ముక్కలు తొమ్మిది. ఒక్కోటి నాలుగు వేల రెండు వందల చొప్పున ముప్పై ఏడు వేల ఎనిమిది వందలు. వాటితో పాటు పోయిన తాళ్లు, బెండ్లు, సీసపు గుళ్లు కలిపి ఐదు వేల నాలుగు వందలు. తిరుగు దారిలో ఇంజను పూర్తి జోరున నడిపినందుకు ఆయిలు ఖర్చు మూడు వేలు. బోటు తేలిక కావాలని సముద్రంలో పారబోసిన కవళ్ల చేపలు ఆరు గంపలు, ఆ రోజు ఒడ్డు ధరకు ఏడు వేల రెండు వందలు. జరిమానా పది వేలు. ఎండకీ వానకీ ఉప్పుగాలికీ పాడైన ఇంజను బాగుచేయించడానికి ఇరవై ఏడు వేల నూట నలభై. మొత్తం తొంభై వేల ఐదు వందల నలభై రూపాయలు.

బోటు పట్టుబడి ఉన్నన్నాళ్లూ వేటకు వెళ్లని రోజులను నేను ఇందులో వేయలేదు. పట్టని చేపకు ధర కట్టడం నాకు చేతకాదు. ఆ రోజుల్లోనే మా అక్క పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లడం మొదలుపెట్టింది. జీడి గింజల రసానికి ఆమె వేళ్లు కాలి నల్లబడ్డాయి. అవి కూడా వేయలేదు.

నాది ఏడో తరగతి చదువు. మాది అక్కుపల్లి దాటాక ఉండే వేట ఊరు. అక్కడ పుట్టి కూడా నాకు సముద్రం పడలేదు. బోటు కెరటాలు దాటకముందే వాంతులు మొదలయ్యేవి. అందుకని ఒడ్డునే ఉండిపోయి, వచ్చిన బోట్లకు వాటాలు కట్టడం నేర్చుకున్నాను. బోటుకి ఇంత, వలకి ఇంత, ఇంజనుకి ఇంత, మనిషికి ఇంత. ఇసుకలో వేలితో గీసి మొదలుపెట్టాను. ఇప్పుడు కాలిక్యులేటర్ ఉన్నా, ముందు నోటితో కట్టి తరవాత దాంతో సరిచూసుకుంటాను. ఒక్కో బోటు నుంచి నాకు అర వాటా వస్తుంది. మా ఇల్లు దానితోనే నడిచింది.

మామూలుగా వల పోతే నష్టం బోటు యజమానిదే. కానీ మనిషి ప్రాణం కోసం వల కోయాల్సివస్తే, ఆ నష్టం ఆ బోటులోంచి ఒడ్డున దిగిన వాళ్లందరిదీ. తలకొక వాటా. నీళ్లలోంచి తీసిన మనిషి కూడా ఆ తలల్లో ఒకడే. బోటులో చేప మిగిలితే అందులో అతనికీ భాగం పెడతాం. ఇది ఏ కాగితం మీదా లేదు. ఒకసారి బారువ వైపు మనిషి తెప్ప తిరగబడితే మావాళ్లు ఎక్కించుకొచ్చారు. ఎవరూ అడగకుండానే నెల తిరక్కముందే వచ్చి తన వాటా ఇచ్చాడు. పైగా ఒక బుట్టెడు ఎండు చేపలు మా అక్క చేతిలో పెట్టి వెళ్లాడు.

సరిహద్దులో యుద్ధం నడుస్తున్న రోజులవి. కాల్పులు మాకు చాలా దూరం. అయినా మా సముద్రం మీద కూడా కాపలా పెరిగింది. రోజూ విమానాలు ఒడ్డు వెంబడి పైకీ కిందకీ తిరిగేవి. ఒక ఉదయం మైకు కట్టిన ఆటో వచ్చి, ఏ బోటూ లోపలికి పోకూడదని చెప్పి వెళ్లింది. మా బావ, అంటే అక్క భర్త, తన తమ్ముణ్నీ మరో ముగ్గుర్నీ తీసుకుని తన బోటు మీద అంతకు ముందు సాయంత్రమే వేటకు వెళ్లిపోయాడు. ఆ ఆటో మాట వాళ్లకు ఎలా వినపడుతుంది?

మధ్యాహ్నం వేళ వాళ్ల కళ్లముందే ఒక విమానం పొగ కక్కుతూ వెళ్లి నీళ్లలో పడిందట. గొడుగు కట్టుకుని దూకిన మనిషి నేరుగా వీళ్ల వల మీద దిగాడు. గొడుగు గుడ్డ నీళ్లు తాగి మునిగింది. దాని తాళ్లు వలకు చుట్టుకుని మనిషిని కిందికి లాగుతున్నాయి. తాళ్లు ఒక్కొక్కటే కోస్తూ కూర్చుంటే అతను దక్కడని బావ వలనే రెండు వైపులా కోసి వదిలేశాడు. చిక్కుపడ్డ భాగంతో సహా మనిషిని బోటులోకి లాగారు. ఆ లాగడంలో గొడుగు తాడు బావ కుడి అరచేతిని బొటనవేలి మొదలు దాకా కోసేసింది.

వాళ్లు ఒడ్డుకు వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను. అతను నడవలేకపోతుంటే బావ తమ్ముడు భుజాన వేసుకుని మోకాలి లోతు నీళ్లలోంచి మోసుకొచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఎండలో కూడా వణుకుతున్నాడు. అక్క దుప్పటి కప్పి మిరియాల టీ ఇస్తే తాగి మళ్లీ అడిగాడు. ఈలోపు బోటు అడుగున మిగిలిన పద్దెనిమిది కానాగంత చేపలను నేను ఆరు భాగాలు చేసి, అతని ముందు కూడా మూడు పెట్టాను. ఇవెందుకన్నట్టు చూశాడు. బావ గుజరాత్ బోట్లలో నాలుగేళ్లు పని చేసినవాడు, హిందీ వచ్చు. చెయ్యి గుడ్డతో కట్టుకుంటూ మా పద్ధతి అంతా చెప్పాడు. అతను శ్రద్ధగా విని ఏదో అన్నాడు.

"ఏటంటన్నాడు బావా?" అన్నాను.

"సేపలు మనల్నే ఒండుకోమంటన్నాడు. నష్టంలో మాత్రం తన తల కూడా ఎయ్యమంటన్నాడు. తనే వొచ్చి ఇత్తాడట."

"బాబుకి వల ధర తెల్దు పాపం. తెలిస్తే మళ్లీ నీళ్లలోకి దూకీసేవోడు," అన్నాడు బావ తమ్ముడు.

అందరం నవ్వాం. ఎందుకు నవ్వుతున్నామో బావ చెబితే అతనూ నవ్వాడు. నా ఫోను అడిగి తీసుకుని తన నంబరు తనే కొట్టి ఇచ్చాడు. తరవాత గస్తీ వాళ్ల జీపు వచ్చింది. ఎక్కబోతూ బావ కట్టు మీద చెయ్యి వేసి, రెండు చేతులతో పట్టుకుని కాసేపు వదల్లేదు.

ఆ సాయంత్రమే వేరే మనుషులు వచ్చి, నిషేధం ఉన్న నీళ్లలో తిరిగిందని బోటును పట్టుకుపోయారు. అక్క ఏడిస్తే బావ విసుక్కున్నాడు.

"ఎందుకే ఏడుత్తావు. ఆ బాబు ఒక్క మాట సెప్తే ఒగ్గెత్తారు."

నేనూ అదే నమ్మాను. మిగతా నలుగురూ అదే నమ్మి, వేరే బోట్ల వాళ్లు పనికి పిలిచినా వెళ్లకుండా కూర్చున్నారు.

విచారణకు టెక్కలి రమ్మన్నారు. బావా నేనూ పలాసలో బస్సు మారి వెళ్లాం. అక్కడి గుమాస్తా ఆ పైలట్ ఇచ్చిన వాంగ్మూలం తెలుగులో చదివి వినిపించాడు. నీళ్లలో పడ్డాక తేలే జాకెట్టు సాయంతో తనంతట తనే ఒడ్డుకు చేరాడట. ఒడ్డు మీద నుంచి గస్తీ సిబ్బంది తీసుకెళ్లారట. తనను ఏ పడవా ఎక్కించుకోలేదట.

ఇంజను పూర్తి జోరు మీద కూడా రెండు గంటలు పట్టిన దూరం అది. బూట్లతో, బరువైన బట్టలతో, ఆ వణుకుతో ఎవరు ఈదగలరు? ఆ మాట నేను అంటే గుమాస్తా నన్ను చూడను కూడా చూడలేదు. బావ మాత్రం ఒకటే అడిగాడు.

"ఆ సంతకం ఆయన్దేనా బాబూ?"

"మరెవరిదయ్యా? ఇంగ్లీషులో నువ్వు పెట్టగలవా?"

బస్టాండులో నా ఫోను నుంచి బావ ఆ నంబరుకు చేశాడు. మూడోసారికి ఎత్తాడు. నేను చెవి ఆనించి వింటున్నాను. నాకు హిందీ సరిగ్గా రాదు గానీ కొన్ని మాటలు తెలుస్తాయి. బావ ఊరి పేరు చెప్పగానే అవతలి గొంతు తగ్గింది. చెయ్యి మానిందా అని అడిగింది. మానింది బాబూ అన్నాడు బావ. డబ్బు సంగతి వద్దు, మా బోటు మిమ్మల్ని ఎక్కించుకుందని ఒక్క ముక్క రాయండి చాలు, బోటు వదిలేస్తారు అన్నాడు. తరవాత ఏదో రెండు ముక్కలు గట్టిగా వినపడి ఫోను ఆగిపోయింది.

"ఏటన్నాడు?"

బావ ఫోను తుడిచి నాకిచ్చాడు.

"నానెవులో తెల్దట. మళ్లీ సెయ్యొద్దన్నాడు."

అతను మమ్మల్ని మరిచిపోయి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఎందుకలా చేశాడో తరవాత చాలామంది చాలా చెప్పారు. పైవాళ్లు రాయమన్నది రాసి ఉంటాడని, విమానం పడ్డ చోటు బయటివాళ్లకు తెలియకూడదని, ఉద్యోగం పోతుందని భయమని. ఏదైనా కావచ్చు. బావ చెయ్యి ఎలా ఉందో అడిగిన నోటితోనే బావ ఎవరో తెలియదన్నాడు. దాన్ని ఏ కారణంలో సర్దాలో నాకు ఇప్పటికీ తెలియలేదు.

వానలన్నీ పోయాక, జరిమానా కట్టించుకుని బోటు వదిలారు. ఎండకు అంచులు పగిలి ఉంది. ఇంజనులో తేనెటీగలు పట్టు పెట్టాయి. బాగుచేయించిన తరవాత ఐదుగురూ బోటు నీడన ఇసుకలో కూర్చుని లెక్క కట్టమన్నారు.

"ఐదుతో కట్టీ," అన్నాడు బావ తమ్ముడు. "ఎక్కువైనా మాం ఇచ్చుకుంటాం. ఆడి మాట మాత్రం మన మద్దెన వొద్దు."

మిగతా ముగ్గురూ తలూపారు. నిజం చెప్పాలంటే నాకూ అదే కావాలి. అప్పటికే నోటితో కట్టేశాను. ఐదుతో అయితే తలకి పద్దెనిమిది వేల నూట ఎనిమిది. ఆ మాట పైకి అన్నాను కూడా.

"ఐదెలాగౌద్ది?" అన్నాడు బావ.

"ఆడు రాడు అన్నా. ఇంకా నమ్ముతన్నావా?"

"రాడని నాకూ తెలుసురా. టెక్కలి కాయితంలో ఏటుంది? ఆయన్ని ఏ బోటూ ఎక్కించుకోలేదనుంది, అంటే బోటులో మనం ఐదుగురమే. ఇప్పుడు ఐదుతో కడితే ఆ కాయితం రైటే అని మనమే సంతకం ఎట్టినట్టు. మరి ఆ రోజు నీ భుజం మీద ఎవుడ్ని మోసినావు, సెప్పు?"

బావ తమ్ముడు చేత్తో ఇసుక తీసి వదులుతూ కూర్చున్నాడు. కాసేపటికి, ఆరుతోనే కట్టు అని నాతో అన్నాడు.

వల కొట్టు వాడికీ మెకానిక్కుకీ అంతా బావే తన చేతి నుంచి ఇచ్చాడు. అవి తీర్చడానికి మళ్లీ గుజరాత్ వెళ్లి, రెండు సీజన్లు పరాయి బోట్ల మీద పని చేశాడు. నలుగురూ తమ వాటాలు విడతలుగా ఇచ్చేశారు. ఆఖరి విడత మొన్న వేట మొదలయ్యాక బావ తమ్ముడిది వచ్చింది. బావకు రావలసింది ఆరో తలది ఒక్కటే మిగిలింది, పదిహేను వేల తొంభై రూపాయలు.