ఈరక్క కేక

“నాకు భయమైతాండాది పాపా. నువ్వెవురో నాకు తెలీదు గానీ, శానా భయమైతాండాది.”

హిందూపురంలోని ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో, కాన్పుల గదిలో, ఈరక్క నాతో అన్న మొదటి మాటలివి. ఆమె పేరు ఈరక్క అని కూడా నాకు మరునాటిదాకా తెలియదు. పక్క మంచం మీద ఆమె కోడలు పుష్పావతి నొప్పులు పడుతోంది. రెండు మంచాల మధ్య నిలబడి, కొంగు చివరను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఆ మాట అనేసింది. నా జవాబు కోసం ఆగలేదు. ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకుని, మళ్లీ కోడలి నడుము రుద్దడానికి వెళ్లిపోయింది.

నాకూ భయంగానే ఉంది. నేను చెప్పలేదు.

అసలు ఆ రోజు నేను కాన్పుకని రాలేదు. ధర్మవరంలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. తొలి కాన్పు కాబట్టి సెలవు పెట్టి హిందూపురంలో పుట్టింటికి వచ్చాను. ఇంకా గడువుంది. మామూలు పరీక్షే కదా అని ఉదయం టిఫిన్ తిని అమ్మతో బయల్దేరాను. స్కాన్ చూసిన డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది.

“ఉమ్మనీరు బాగా తగ్గిందమ్మా. ఇంక ఆగకూడదు. ఈ రోజే నొప్పులు తెప్పిద్దాం.”

బిడ్డ పుట్టకముందే బిడ్డ కోసం ఏమీ సిద్ధం చేయకూడదని మా ఇంట్లో పట్టింపు. చుట్టడానికి ఒక్క గుడ్డ కూడా లేదు. మా అమ్మ సావిత్రమ్మ పాత నూలు చీరలు వెతికి తెస్తానని ఇంటికి పరుగెత్తింది. నా భర్త ప్రవీణ్ పనిచేసేది ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో. షిఫ్టు మధ్యలో చెప్పి బయల్దేరానని ఫోన్ చేశాడు. వాళ్లు వచ్చేలోపే నా చేతికి నొప్పుల మందు డ్రిప్ పెట్టారు.

ఆ మందు ఏం చేస్తుందో నాకు తెలుసు. గర్భసంచిని బిగిస్తుంది. ఒక బిగువుకూ ఇంకో బిగువుకూ మధ్య అది సడలాలి. ఆ సడలినప్పుడే బిడ్డకు ప్రాణవాయువు సరిగా అందుతుంది. సడలకపోతే? ఇదంతా తెలిసినందువల్ల ధైర్యమేమీ రాలేదు. చదివినదంతా భయానికి మేతయింది.

మధ్యాహ్నం దాటేసరికి నొప్పులు ఒకదాని వెనుక ఒకటిగా కాదు, ఒకదాని మీద ఒకటి రావడం మొదలైంది. బిడ్డ గుండెచప్పుడు చూపే మిషన్ ఆ గదికంతా ఒక్కటే. అది అప్పుడు పుష్పావతి దగ్గరుంది. “తొలి కాన్పు కదా మేడం, ఓర్చుకోవల్ల” అని నర్సు నాగమణి అంతకుముందే చెప్పి బయటికి వెళ్లింది. ఓర్చుకోవడం మా ఇంటి గొప్ప. నన్ను కన్నప్పుడు మా అమ్మ గొంతు పక్క గదికి కూడా వినబడలేదని మా అవ్వ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. నేను దుప్పటి అంచు పళ్లతో పట్టుకున్నాను.

ఈరక్క చూసింది.

“ఏమే పాపా, దుప్పటి తింటాండావు? ఏమైతాండాది?”

“ఏం లేదవ్వా.”

“ఏం లేదంట! గొర్రెకు నొప్పొస్తే గొర్రె అరుస్తాది. సదువుకున్నదానివి, నీకు నోరు ల్యా?”

నవ్వొచ్చింది. నవ్వబోతే ఏడుపొచ్చింది. “నొప్పికీ నొప్పికీ మధ్య సందే లేదు. లోపల బిడ్డకు ఊపిరాడదేమోనని భయంగా ఉంది” అనేశాను.

ఆమె ఇంకేమీ అడగలేదు. తలుపు వైపు తిరిగి, రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుని, ఎదుటి గుట్ట మీదివాళ్లను పిలిచినట్టు కేక పెట్టింది.

“ఎవురప్పా ఆడా! ఈడ పాపకి నొప్పి సందియ్యల్యా! భయమైతాండాదంట! రాండప్పో!”

నాగమణి పరుగున వచ్చింది. “అవ్వా, ఇది ఆస్పత్రి. మీ కొండ కాదు!”

“కొండైతే ఈపాటికి నలుగురొచ్చుందురు తల్లీ.”

నాగమణి నా పొట్ట మీద చెయ్యి పెట్టింది. తియ్యలేదు. అలాగే ఉంచి, రెండో చేత్తో డ్రిప్ ఆపేసింది. నన్ను ఎడమ పక్కకు తిప్పి, మిషన్ లాక్కొచ్చి పట్టీ బిగించింది. గుండెచప్పుడు వినిపించింది కానీ, స్కాన్ గదిలో విన్నట్టు పరుగులా లేదు. ఆగి ఆగి వస్తోంది. డాక్టరమ్మ వచ్చి చూసి, “థియేటర్ సిద్ధం చేయండి. కాసేపు చూద్దాం” అంది.

ఆ కాసేపూ ఈరక్క నా మంచం దగ్గరే నిలబడింది. నా కాలి మడమ మీద ఆమె చెయ్యి ఉంది, గరుకుగా. బిగువు సడలింది. చప్పుడు నెమ్మదిగా ఊపందుకుంది. తప్పిపోతుందేమోనని నేను ఊపిరి కూడా వదల్లేదు. డాక్టరమ్మ థియేటర్ వైపు చూడడం మానేశాక వదిలాను.

సాయంత్రం, మందు లేకుండా వచ్చిన నొప్పులతో, పాప పుట్టింది. వెంటనే ఏడవలేదు. ఆ తర్వాత ఏడ్చింది. అమ్మ తెచ్చిన పాత చీరలో చుట్టి ప్రవీణ్ చేతికిస్తే, యూనిఫాం మీద గ్రీజుందని వెనక్కి తగ్గాడు. పుష్పావతికి మగబిడ్డ పుట్టాడు.

మరునాడు ఈరక్క పాపను చూడ్డానికి వచ్చింది. పెనుకొండ దగ్గర పల్లె వాళ్లది. భర్త ఉలిగప్పతో కలిసి చిన్నప్పటినుంచీ గొర్రెలు కాసింది. ఎండాకాలం ఊళ్లు దాటి, కోతలైన చేలలో మందను ఆపుకుంటూ పోయేవాళ్లట. అలా పోయినప్పుడే ఒక చేనిగట్టు మీద ఆమెకు నొప్పులొచ్చాయి. కాస్త దూరంలో మామ, చేను గలాయన, మగవాళ్లంతా ఉన్నారు.

“వాళ్లు ఇంటారని కొంగు నోట్లో కుక్కుకుంటి. ఆడోళ్లు వచ్చేతలికి బిడ్డ ల్యా.” పాప గుప్పిట విప్పి చూస్తూ చెప్పింది. “తోడేలొస్తే గొర్రెపిల్ల కోసం కొండంతా ఇనపడేట్ల అరిచినదాన్ని. నా బిడ్డ కోసం అరవలేకపోతి.”

“నిన్న నా పేరైనా అడగలేదు మీరు” అన్నాను.

“కొండ మీద పేరెవురడుగుతారే? నువ్వు పేరు చెప్పేలోపల తోడేలు గొర్రెను ఎత్తుకపోతాది. ముందు భయం చెప్పల్ల. పేరు, ఊరు తర్వాత చెప్పుకోవచ్చు.”

ఇప్పుడు ధర్మవరంలో ఉంటున్నాం. మొన్న ప్రవీణ్ షిఫ్టులో ఉండగా పాప పాలు తాగలేదు, ఒళ్లు కాలిపోతోంది. ఫోన్‌లో వెతకబోయి, ఆగి, పాపను ఎత్తుకుని ఎదురింటి తలుపు కొట్టాను. అప్పటిదాకా ఆ ఇంటావిడతో ఒక్క మాటా లేదు.

“నాకు భయమైతాండాది” అన్నాను.

ఆమె చెప్పులేసుకుని నాతో వచ్చేసింది. పేరు ఆస్పత్రికి పోయే ఆటోలో అడిగాను.