రెండో భాగంలో లేనివాడు

కావలి నుంచి నెల్లూరు పోయే బస్సులో, జైలు నుంచి తప్పించుకునే సినిమా రెండో భాగం వేశారు. కథ లేదు, అన్నీ కాల్పులే. మొదటిదే నయమని విసుక్కున్నాను.

పక్క సీటాయన అరచేతుల నిండా వలతాళ్ళ కోతలు.

"మొదటిదాంట్లో హీరోని భుజాలమీద గోడెక్కించి, తను లోపలే ఉండిపోయినాడే స్నేహితుడు. ఇందులో వాడి పేరే ఎత్తలేదన్నా" అన్నాడు.

కాసేపటికి తనే చెప్పాడు. సముద్రంలో సరిహద్దు దాటారని ఆయన్నీ, ఆయన స్నేహితుణ్ణీ పరాయి దేశంలో జైల్లో పెట్టారట. స్నేహితుడు జ్వరమొచ్చి అక్కడే పోయాడట.

"నేనొచ్చి ఆర్నెల్లయింది. రోజూ వాళ్ళింటి ముందు నుంచే రేవుకు పోతా. వాళ్ళమ్మ అరుగుమీదే కూచోనుంటది. నేనే తలొంచుకొని పోతా."