మధ్యలో వచ్చిన విమానం

తిరువూరు బస్టాండు వెనక వీధిలో మాంసం కొట్ల మీద పొద్దస్తమానం గద్దలు తిరుగుతుంటాయి. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఫర్హత్ డిజిటల్స్ ఫోటోషాపు మొహిద్దీన్ డాబా ఎక్కి, మోచేతి పొడుగు లెన్సు పెట్టి వాటిని ఫోటోలు తీస్తుంటాడు. కింద టీకొట్టు ఐజాక్ ఊరుకోడు.

“ఏం భాయ్, ఇవాళ గద్దకి ఓణీల ఫంక్షనా?”

“కాదు, పెళ్ళి. భోజనాలకి నువ్వు కూడా రా.”

గద్దల మీద మొహిద్దీన్‌కి ప్రేమేమీ లేదు. అతనికి కావలసింది యుద్ధ విమానాలు. అవి తిరువూరు మీదికి రావు కాబట్టి గద్దలతో సాధన చేస్తాడు. గద్ద కిందికి వాలినప్పుడు దాన్ని వదలకుండా నడుము దగ్గర నుంచి ఒళ్ళంతా తిప్పడం వస్తే, జెట్టు వచ్చినప్పుడు చెయ్యి తడబడదు. గద్దలతో విసుగు పుడితే విస్సన్నపేట రోడ్డు మీద నిలబడి షేర్ ఆటోలు తీస్తాడు.

ఈ పిచ్చి బెంగుళూరులో అంటుకుంది. ఒక కంపెనీవాళ్ళ స్టాలు ఫోటోలు తీయడానికి యలహంక ఎయిర్ షోకి వెళ్ళాడు. స్టాలు సంగతి మర్చిపోయి రోజంతా తల పైకెత్తే ఉన్నాడు. ఇంటికొచ్చి చూసుకుంటే తీసినవన్నీ తెల్లటి ఆకాశంలో నల్లటి మచ్చలు. మండపంలో వీడియో లైట్ల కింద వెలుగు తగ్గించి తీయడం అతని అలవాటు. ఆకాశం కింద చెయ్యవలసింది దానికి సరిగ్గా తిరగేసి. వెలుగు పెంచితేనే విమానం పొట్ట కనిపిస్తుంది. ఎవరూ చెప్పలేదు, చెడగొట్టుకుని నేర్చుకున్నాడు. ఫోటోగ్రఫీ మొత్తం అలాగే నేర్చుకున్నాడు. ఆ తరవాత రెండుసార్లు యలహంక, ఒకసారి విశాఖ బీచిలో నేవీ విన్యాసాలు. మంచి ఫోటోలు నాలుగైదు కుదిరాయి. షాపు గోడకి పెడితే పెళ్ళివాళ్ళు చూసి, “ఇవి నువ్వు తీసినవేనా, నెట్‌లోవా?” అని అడుగుతారు.

పెనుగొలను దశరథరామయ్య మాత్రం ఆ ప్రశ్న వెయ్యలేదు. ఆయన మనవరాలు కీర్తన ఓణీల ఫంక్షన్ ఫోటోలు మొహిద్దీనే తీశాడు. ఆ పిల్ల ఇప్పుడు ఎయిర్‌ఫోర్సులో జెట్టు నడుపుతోంది. ఓ రోజు మామిడితోట నుంచి తిన్నగా షాపుకొచ్చి కూర్చున్నాడు పెద్దాయన.

“ఏమయ్యా, ఒంగోలు వైపు హైవే మీద విమానాలు దిగడానికి సిమెంటు రోడ్డు వేశారు చూడు, అక్కడికి మా పిల్ల వస్తోందట. ట్రయలంట, దిగకుండా రోడ్డు మీదుగా కిందిగా పోతారంట.”

“నిజమా బాబాయిగారూ? కింద నుంచి జనాన్ని చూడనిస్తారుగా?”

“దూరంగా చేలల్లో నుంచి చూడొచ్చంట. అదీ సంగతి. ఆ పిల్ల పని చేసేచోటికి ఫోన్ కూడా తీసుకెళ్ళనివ్వరు. ఓణీలో ఉన్న ఫోటో ఉంది, కాలేజీది ఉంది. విమానంలో ఉన్నది ఒక్కటీ లేదు. మీ పిన్ని ఆ ఒక్కటీ కావాలంటుంది. మళ్ళీ మన దగ్గరికి ఎప్పుడొస్తుందో.”

“ఏ విమానమో చెప్పిందా?”

“చెప్పదు. అన్నీ నావే అనుకో తాతయ్యా అంటుంది.”

అవి రంజాన్ రోజులు. భార్య జైతున్‌బీ తెల్లవారకముందే సహరీకి వండింది తిని మొహిద్దీన్ బయల్దేరాడు. కారు అంకారావు నడిపాడు. వెనక సీట్లో దశరథరామయ్య, ఆయన భార్య సరోజినీదేవి, ఆమె ఒళ్ళో పులిహోర డబ్బా. ఎండెక్కేసరికి కోసేసిన శనగచేల గట్ల మీద జనం మధ్య నిలబడ్డారు. పోలీసులు ముందు తాడు కట్టారు.

జెట్టు చప్పుడు కంటే ముందొచ్చింది. మొహిద్దీన్ నడుము తిరిగింది. రెక్కలు, ముక్కు, తోక అన్నీ ఫ్రేములో ఇమిడాయి. తరవాత చప్పుడు వచ్చి గుండెల మీద పడింది.

“ఫోటో పడిందా? ఏదీ?” అన్నాడు దశరథరామయ్య.

ఇక్కడే మొహిద్దీన్ పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరైపోయాడు. మండపంలో ముఖ్యమైన ఫోటో తీయగానే కెమెరా వెనక్కి తిప్పి పెద్దవాళ్ళకి చూపించాలి. పెళ్ళికొడుకు కళ్ళు మూశాడని వాళ్ళంటే, “అయ్యగారూ, ఇంకొక్కసారి” అనాలి. పురోహితుడు ఆగుతాడు, తలంబ్రాలు మళ్ళీ పడతాయి. ఇరవయ్యేళ్ళ అలవాటు. అడగ్గానే చెయ్యి దానంతటదే కెమెరా తిప్పింది. దశరథరామయ్య ఎండకి తువ్వాలు అడ్డం పెట్టాడు, అంకారావు కూడా తల దూర్చాడు.

“అదిగో! అదిగో, ఒరేయ్ మొహిద్దీనూ!”

సరోజినీదేవి అరుపు విని తల ఎత్తేసరికి రెండో జెట్టు నెత్తి మీది నుంచి దాటిపోయింది. మూడోదాని వెనక మంట మాత్రం ఫ్రేములో దొరికింది.

తరవాత ఆకాశంలో ఏమీ లేదు. ఓ కానిస్టేబుల్ “అయిపోయింది, పదండి పదండి” అంటూ వచ్చాడు. జనం గట్లు దిగారు.

“ఇప్పుడు కదిలితే ట్రాఫిక్ తప్పుద్దండి,” అన్నాడు అంకారావు.

మొహిద్దీన్ కంటి దగ్గర నుంచి కెమెరా దించలేదు. “మీరు వెళ్ళి కార్లో కూర్చోండి బాబాయిగారూ. రెండోది నాకు పడలేదు. ఆ పోయిందే అమ్మాయిదైతే?”

“మళ్ళీ వస్తాయంటావా?”

“తెలీదండి.”

మగవాళ్ళిద్దరూ కారెక్కారు. సరోజినీదేవి గొడుగు విప్పి అతని తల మీద పట్టింది. నీళ్ళ సీసా అందించి, వెంటనే వెనక్కి తీసుకుంది.

“అయ్యో, నీకు ఉపవాసం కదూ. మర్చిపోయా.”

“పరవాలేదు, మీరు తాగండి పిన్నిగారూ.”

“నాకేం తొందర్లేదు. నువ్వు పైకి చూడు. మళ్ళీ కిందికి చూశావంటే గొడుగుతో కొడతా.”

జనం పల్చబడ్డారని మొహిద్దీన్ తాడు దాకా జరిగాడు. మండపం ముందు ఖాళీ దొరికితే జరగని పెళ్ళి ఫోటోగ్రాఫరుండడు. అది తప్పని అతనికి మొదటి జెట్టు తిరిగొచ్చినప్పుడే తెలిసింది. ఈసారి ఇంకా కిందికి, చేల వైపు ఒరిగి వచ్చింది. రెండోది వచ్చేసరికి ఫ్రేమంతా విమానమే. లెన్సు జూము వెనక్కి తిప్పే వ్యవధి లేదు. విమానం ముక్కుని ఫ్రేములో పట్టుకుని తిరిగాడు, వేలు ఎత్తకుండా నొక్కాడు.

“పడిందా?”

“ఇంటికెళ్ళాక చూద్దాం పిన్నిగారూ,” అన్నాడు. మూడోది పోయేదాకా కన్ను తీయలేదు.

మైలవరం దాటాక కీర్తన ఫోన్ చేసింది. దశరథరామయ్య స్పీకరు పెట్టాడు.

“నానమ్మా, కనిపించానా? రెండుసార్లూ మధ్యలో వచ్చింది నేనే.”

సరోజినీదేవి ముందు సీటు మీద తట్టింది. “మధ్యదంట. విన్నావా?”

“విన్నానండీ,” అన్నాడు మొహిద్దీన్.

ఇఫ్తార్ అయ్యాక షాపు తెరిచి కంప్యూటర్లో వేసుకున్నాడు. అనుకున్నంతా అయింది. రెండో రౌండు మధ్య విమానం స్పష్టంగానే ఉంది. అద్దం వెనక హెల్మెట్టు, చేల వైపు తిరిగిన తల కూడా తెలుస్తున్నాయి. తోక మాత్రం లేదు. ఏ ఫోటోలోనూ లేదు. పక్కనే పొద్దున తీసిన మొదటి విమానం, రెక్క నుంచి రెక్క దాకా నిండుగా ఉంది. అతని జీవితంలో తీసిన వాటన్నిటిలోకీ బాగా కుదిరింది అదే.

జైతున్‌బీ భుజం మీది నుంచి చూసింది. “ఇదెంత బాగుందండీ! ఇదిచ్చెయ్యండి.”

“అది ఆ పిల్లది కాదు.”

“అన్నీ ఒకటేగా. ఎవరికి తెలుస్తుంది?”

నిజమే, ఎవరికీ తెలియదు. పైగా ఆ షాపు నుంచి చెయ్యి తెగిన ఫోటో గానీ, చీర కుచ్చిళ్ళు తెగిన ఫోటో గానీ ఇంతవరకు గుమ్మం దాటలేదు. తెగితే ఆల్బమ్‌లో వెయ్యడు, ఎవరడిగినా ఇవ్వడు. గోడకి పెట్టుకుని పదిమందికి చూపించుకునే ఫోటో కింద అతని షాపు పేరుంటుంది. చూసినవాళ్ళు, తోక కొయ్యడమేంటి, ఫోటోగ్రాఫరెవడు అంటారు.

“ఆవిడ గొడుగు పట్టుకుని నిలబడింది జైతూ,” అన్నాడు చివరికి. “ఇంకెవరో పిల్లని చూపించి నీ మనవరాలని చెప్పనా?”

“అయితే తెగిందే ఇస్తారా?”

అతను వెలుగు సరిచేసి, తెగిన దాన్నే పెద్ద సైజులో ప్రింటుకి పంపించాడు.

రంజాన్ పండగ వెళ్ళాక ఫ్రేము కట్టి పెనుగొలను తీసుకెళ్ళి, కాగితం విప్పకముందే చెప్పేశాడు. “పిన్నిగారూ, ముందుకు జరగడం నా తప్పు. తోక తెగింది. మొదట వచ్చిన విమానం నిండుగా ఉంది, కావాలంటే అదీ ఇస్తా. కానీ అది కీర్తనమ్మది కాదు.”

సరోజినీదేవి కళ్ళజోడు పెట్టుకుని హెల్మెట్టు మీద వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు.

“ఇటే చూస్తోంది,” అంది.

“అంత స్పీడులో మనం కనిపిస్తామంటావా,” అన్నాడు దశరథరామయ్య.

“మీరు కారెక్కి కూర్చున్నారుగా, మీరెలా కనిపిస్తారు? నేను కనిపించి ఉంటా. గొడుగుందిగా!” అని, మొహిద్దీన్ వైపు తిరిగింది. “తోక ఏం చేసుకుంటాం నాయనా? పిల్ల కూర్చునేది ముందేగా. కింద నీ షాపు పేరేదీ? మా చుట్టాలడిగితే ఎవరు తీశారని చెప్పను?”

“దీనికి వెయ్యలేదండీ.”

“ఎందుకు వెయ్యవు? తీసుకెళ్ళి వేసుకురా.”

పక్కింటివాళ్ళు వచ్చారు. ఫ్రేము చేతులు మారింది. ఎవరికి వాళ్ళు హెల్మెట్టు వెతుక్కుని “ఇదిగో, ఇదిగో” అంటున్నారు. మొహిద్దీన్ టీ గ్లాసు పట్టుకుని వాళ్ళ వెనక నిలబడ్డాడు. ఫోటో ఎటు తిరిగితే అటు, అతని చూపు తెగిన అంచు దగ్గరే ఆగుతోంది. ఒక్క పదడుగులు వెనక ఉంటే సరిపోయేది.