పప్పు ఉడకని బావి

నాకు కుదురు లేదు. ఈ వయసులోనూ కుర్చీలో కూర్చుంటే కాలు ఊగుతూనే ఉంటుంది. అయితే పందొమ్మిదేళ్ళప్పుడు ఉన్న ఆత్రం వేరు. అది నన్ను ఊరికే ఉండనిచ్చేది కాదు, పక్కవాళ్ళనూ ఉండనిచ్చేది కాదు. ఆ ఆత్రంతోనే మా నాయన చేత ఒక బావిని మరింత లోతుకు తవ్వించాను.

అరవైల్లో మాట. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. తనకల్లు దగ్గర మా ఊళ్ళో పాత బావి అడుగున బురద తప్ప ఏమీ మిగల్లేదు. మాకు నాలుగెకరాల ఎర్రనేల, ఒక జత ఎద్దులు ఉండేవి. చుట్టుపక్కల వాళ్ళు ఒక్కొక్కరే ఎద్దుల్ని సంతకు తోలుతుంటే నాయన మాత్రం పట్టుబట్టి కూర్చున్నాడు. ఎండాకాలం ముగిసేలోగా కొత్త బావిలో మంచినీళ్ళు పడితే ఎద్దులు మిగులుతాయి, లేకపోతే పోతాయి. ఎద్దులు పోతే ఆయన ఇంకొకరి చేలో కూలికి పోవాల్సిందే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు.

నేనప్పుడు అనంతపురంలో భూగర్భశాస్త్రం చదువుతున్నాను. సెలవులకు ముందు మా లెక్చరరు ఉప్పు గురించి పాఠం చెప్పాడు. ఎప్పుడో ఎండిపోయిన సముద్రాలు వదిలిన ఉప్పు కొన్ని దూరదేశాల సముద్రాల అడుగున మందంగా పరుచుకుని ఉంటుందట. నదులు తెచ్చి పోసిన ఒండ్రు దానిమీద వేల అడుగుల ఎత్తున పేరుకుంటుంది. ఉప్పు చూడటానికి రాయే గానీ అంత బరువు మీద పడితే నిలవదు. లక్షల ఏళ్ళు తీసుకుని మెల్లగా పక్కకు జరుగుతుంది. సందు దొరికిన చోట పైకి ఉబ్బి, మీదున్న పొరల్ని గుమ్మటంలా ఎత్తుతుంది. అది ఖాళీ చేసిన చోట అడుగు కుంగి, అక్కడ మరింత ఒండ్రు చేరి, లోతైన గుంతలు ఏర్పడతాయి. కింద పుట్టిన గ్యాసు పైకి రాబోయి ఉప్పు దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే ఉప్పు దేన్నీ దాటనివ్వదు. అందుకే అలాంటి చోట గ్యాసు వెతికేవాళ్ళు ముందు ఉప్పును వెతుకుతారు. ఉప్పు తగిలితే వెనక్కి పోరు, దాని పక్కనా కిందా చూస్తారు.

ఆ చివరి మాట కింద నోట్సులో రెండు గీతలు గీసుకున్నాను. బస్సులో ఊరొచ్చేదాకా అదే తలలో తిరిగింది. పక్కనున్న ముసలాయనకు కూడా చెప్పాను. పాపం, ఆయన నిద్ర నటించాడు.

నేను ఇల్లు చేరేసరికి చేను పల్లంలో కొత్త బావి ఐదు మనిషి నిలువుల లోతు దిగింది. రాతికి మందు పెట్టి పేల్చే సాయబు మామ మా నాయనకు పాత స్నేహితుడు. ఆ ఉదయమే జల తగిలిందని ఆయన మొదటి కడవ ముంచి మా అమ్మకు పంపాడట. మా దిక్కున కొత్త బావి నీళ్ళతో ముందు కందిపప్పు ఉడికిస్తారు. మెత్తబడితే బావికి టెంకాయ కొడతారు. మెత్తబడకపోతే అవి ఉప్పునీళ్ళని లెక్క; ఒక గంప మట్టి గుంతలో వెనక్కి పోసి, ఆ వారంలోనే ఇంకోచోట పార పెడతారు. దానిమీద ఎవరూ వాదించరు.

అమ్మ గరిటెతో నాలుగు బద్దలు తీసి నాయన అరచేతిలో వేసింది.

"ఉడకల్యా. పొద్దన పెట్టినా, ఇంగా రాళ్ళ మాదిరి ఉండాది."

నాయన ఒక బద్ద కొరికి ఉమ్మేశాడు. "సరే, మిట్టన కానుగచెట్టు కాడ తవ్వుదాం. గంప తీస్కరా."

"గంప వద్దు నాయనా," అన్నాను నేను.

అందరూ నావైపు చూశారు. నేను నా ముందున్న రాగిసంగటి ముద్ద మీద చిప్ప బోర్లించి నొక్కాను. ముద్ద అంచుల్లోంచి పైకి తన్నుకొచ్చింది. ఉప్పు ఇట్లే కదులుతుందని, అది మూత లాంటిదని, దాచిపెట్టింది ఏదైనా మూత కిందే ఉంటుందని, ఇంకొంచెం దిగితే మంచినీళ్ళు ఖాయమని ఏకబిగిన చెప్పాను. అమ్మ నా చేతిలోంచి చిప్ప లాక్కుంది.

"తినే సంగటితో ఆటలేందిరా? పప్పు ఉడకలేదంటే ఉడకలేదు."

సాయబు మామ గడ్డం గోక్కుంటూ అంతా విన్నాడు. "అదంతా సముద్రం కింద అంటాండావు గదప్పా. ఈడ సముద్రం యాడుండాది?"

అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. చదువురాని మనిషి అడిగాడు. నేను చేయి విసిరి, "ఎప్పుడో ఉండింటాదిలే మామా," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, నామీద నాకే.

నాయన చాలాసేపు నన్ను చూశాడు. ఆ చూపులో గర్వం ఉంది. అది లేకపోతే బాగుండేది. "వాడు చదువుకున్నోడు. ఇంత గట్టిగా చెప్తాండాడంటే ఏదో ఉంటాది. దిగుదాం పా," అన్నాడు.

ఇంకో రెండు నిలువులు దిగారు. మామ రోజుకు రెండుసార్లు మందు పేల్చేవాడు. నేను గట్టుమీద అటూ ఇటూ తిరుగుతూ ప్రతి గంప మట్టినీ నలిపి చూసేవాణ్ణి, ఏం చూస్తున్నానో నాకే తెలియకుండా. నీళ్ళు పడ్డాయి, బాగానే పడ్డాయి. నేను ఎగిరి గంతేశాను. అమ్మ మళ్ళీ పప్పు పెట్టింది. సాయంత్రానికీ అది పగల్లేదు.

అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. "ఇది పైన నిలిచిన నీళ్ళే నాయనా, తోడిపోస్తే కిందవి వస్తాయి," అన్నాను. నాయన ఎద్దుల్ని నీళ్ళు తోడే కపిలకు కట్టాడు. తోలుబొక్కెన నింపడం, లాగడం, చేను అవతలి వాగు వంకలో పోయడం, పదిహేను రోజులు అదే పని. గడ్డి అప్పటికే అడుగంటింది. రోజంతా లాగిన ఎద్దులు ఆ నీళ్ళ తొట్టిలో మూతి పెట్టి, వాసన చూసి, తల తిప్పుకునేవి. వాటికి తెలిసిన పాటి కూడా నాకు తెలియలేదు. పదహారో రోజు కుడివైపు ఎద్దు కపిల దారిలో మోకాళ్ళ మీద కూలబడింది. నాయన దాని మెడ కింద చేయి వేసి లేపాడు. కాడి విప్పేశాడు.

వారం తిరక్కుండా రెండింటినీ గోరంట్ల దిక్కు సంతకు తోలుకుపోయాడు. తిరిగొచ్చినప్పుడు భుజం మీద పలుపుతాళ్ళు ఉన్నాయి. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నేను ఎదురు తిరిగి తేలికపడేవాణ్ణి.

కాలేజీ తెరవగానే లెక్చరరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన నవ్వలేదు, జాలిపడ్డాడు. "అది సముద్రం పరిచిన పొరల సంగతి. మీ ఊళ్ళో పొరలెక్కడివి? నిప్పులో పుట్టిన పాత రాయి అది. రాయి అరిగి వదిలిన ఉప్పు నీళ్ళతో పల్లానికి చేరుతుంది. నీళ్ళను ఎండ తాగేస్తుంది, ఉప్పు మిగులుతుంది. కొంచెం మిట్టన తవ్వాల్సింది," అన్నాడు.

మిట్టనే మా కానుగచెట్టు.

రెండేళ్ళ తర్వాత నాయన, మామ కలిసి అక్కడే తవ్వారు. నాలుగో నిలువులో జల తగిలింది. అమ్మ పప్పు పెడితే పొయ్యిలో రెండో కట్టె వేసేలోగా వెన్నలా అయింది. టెంకాయ కొట్టారు. కానీ కపిల లాగడానికి ఎద్దులు లేవు. నాయన పగలు కూలికి పోయి, తెల్లవారగట్ల కడవలతో తోడి నాలుగు వంకాయ మళ్ళు తడిపేవాడు.

ఆ ఏడే నాకు సముద్రంలో గ్యాసు వెతికేవాళ్ళ దగ్గర ఉద్యోగం వచ్చింది. కాగితం నాయనకు చదివి వినిపించాను. ఆయన వసారాలో కూర్చుని విన్నాడు. తల మీద గోడకు ఆ పలుపుతాళ్ళు వేలాడుతున్నాయి.

"నువ్వు చెప్పినట్ల తవ్వుతారా ఆడ?"

"తవ్వుతారు నాయనా."

"తప్పు చెప్తే ఆడ ఎవురి ఎద్దులు పోతాయప్పా?"

దెప్పాలని అడగలేదు. ఆ గొంతు నాకు తెలుసు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన అదేమీ పట్టించుకోనట్టు లేచి, ఎండ ఎక్కుతోందని కడవలు తీసుకుని కానుగచెట్టు బావికి బయల్దేరాడు. నేనూ రెండు కడవలు తీసుకుని వెనకే నడిచాను.