అందరి పంట

మా మేనత్త పోయిందని పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. "సామలన్నం తిని పండుకుంది, మళ్ల లేవలే" అన్నాడు. నేను కొత్తగూడెంలో, హాస్టల్ మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది గానీ, దానికంటే ముందు గుండె మీది బరువొకటి దిగింది. వానలకు ముందే పోయి ఉంటే ఆమె దిగులుతో పోయేది. ఇప్పుడు నిమ్మళంగా పోయింది. 'నిమ్మళం' ఆమె నోటి మాటే. నాకు చాలా ఇష్టం.

చండ్రుగొండ దాటాక అడవి అంచున మా ఊరు. ఊళ్లో అందరూ "తిన్నవా?" అని పలకరిస్తారు. అత్త మాత్రం "ఏం తిన్నవ్?" అనేది. సెలవులకు వెళ్లగానే నాకు విచారణ మొదలయ్యేది.

"అన్నం, పప్పు."

"నిన్న?"

"అదే."

"మొన్న?"

"అదే అత్తా."

"ఎద్దుకైనా గడ్డి మారుస్తరు గదనే కోడలా!"

జొన్నరొట్టె, బొబ్బర్ల కూర ముందు పెట్టి, తినేదాకా ఎదురుగా కూర్చునేది. బియ్యం మీద ఆమెకు కోపమేమీ లేదు. "రేషన్ బియ్యమే లేకుంటే మేం బతికేటోళ్లమా? గాని ఒక్కదాని మీదనే ఊరంతా ఆనుకుంటే, అది తప్పిన్నాడు ఏం తింటరు?" అనేది.

మా చుట్టుపక్కల పామాయిల్ తోటలు పెరిగాయి. గెలల ట్రాక్టర్లు అశ్వారావుపేట మిల్లుకు పోతుంటే బావకూ ఆశ పుట్టింది. తప్పుపట్టే ఆశ కాదు. పత్తి అతన్ని చాలాసార్లు ముంచింది. పెద్ద చేనంతా మొక్కలు నాటాడు. పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగులో హార్టికల్చర్ సారు, మొక్కలు ఎదిగేదాకా వరుసల మధ్య అంతర పంట వేసుకోవచ్చని చెప్పాడు. మైకు గరగరమంటోంది. అత్తకు 'అందరి పంట' అని వినిపించింది.

తొలకరికి వాడకట్టు ఆడవాళ్లందరినీ చేనుకు పిలిచింది. ఒకామె బొబ్బర్లు తెచ్చింది, ఒకామె కొర్రలు. పక్క గూడెం పెద్దామె సామలు కొంగున కట్టుకొచ్చింది. బావ చూసి బిత్తరపోయాడు.

"ఏందే అమ్మా, జాతర పెట్టినవా?"

"సారే చెప్పిండు గదరా, అందరి పంట ఎయ్యమని!"

నేను సరిదిద్దబోయాను. "అత్తా, అది అంతర. మధ్యల అని అర్థం."

"అవ్, మధ్యల్నే గదనే అందరం ఏసింది!"

ఆ పేరు అలాగే నిలిచిపోయింది. మొక్కలు ఎదిగేదాకా, ఏటా పండింది తలా ఇంత పంచుకున్నారు. తర్వాత మట్టలు ఒకదాన్నొకటి అందుకున్నాయి. నీడ కమ్మి జొన్న కంకులు తాలుపోయాయి. మిగిలింది వాగు పక్క చెలక, ఓ చిన్న మెట్ట చేను ఒక్కటే. అందరి పంట అక్కడికి మారింది. ఈ ఎండాకాలం బావ అందులోనూ గుంతలు తీసి, ఎరువు పోసి, నాటడానికి మొక్కలు తెచ్చి గట్టు మీద దించాడు.

అత్త అతనితో పోట్లాడలేదు. మంచం పట్టింది. నాతో మాత్రం అంది: "వాని బతుకు వాడు చూసుకుంటుండు, తప్పులేదు. గాని ఈ ఇత్తనం ఇంక యాడ పడుతది? రెండేండ్లు నేల తాకకుంటే మొలక రాదే."

వాన పడింది. ఎప్పటిలాగే ఆడవాళ్లు విత్తనం పట్టుకొని వచ్చారు. గట్టు మీద పామాయిల్ మొక్కలు చూసి ఆగిపోయారు. గూడెం పెద్దామె బావను మామూలుగానే అడిగింది. "ఏం కొడుకా, ఈసారి అందరి పంట యాడ?"

ఆమె దెప్పలేదు. దెప్పి ఉంటే బావ జవాబు చెప్పేవాడే. గుంతలకేసి ఒకసారి చూసి, ట్రాక్టర్ కోసం ఫోన్ తీశాడు.

సాయంత్రం మంచం పక్కన కూర్చుని, "అమ్మా, చెలక గట్లనే ఉంటది. మొక్కలు వాపస్ పంపిన" అన్నాడు.

అత్త అతని తల నిమిరింది. "గుంతలు పూడ్చినవా? గొడ్ల కాళ్లు ఇరుగుతయ్."

"పూడ్చిన్లేవే!"

ఆ రోజు నుంచి మళ్లీ కడుపునిండా తిన్నది. వచ్చినవాళ్లందరినీ ఏం తిన్నారో అడిగింది.

దహనం అయ్యాక నేను చెలకకు వెళ్లాను. ఆడవాళ్లు విత్తిన సాళ్లు, ఎవరివి వాళ్లవే, కొన్ని వంకర, కొన్ని తిన్నన. మొలకలు జానెడు లేచాయి. పూడ్చిన గుంతల దగ్గర మాత్రం నేల గుల్లగా, ఎరువుతో ఉంది కదా, అక్కడ జొన్న మోకాలిదాకా వచ్చింది. పామాయిల్ చెట్లు నిలబడాల్సిన ప్రతిచోటా ఒక్కో ముదురాకుపచ్చ గుబురు, చెలక పొడవునా వాగుదాకా, గాలికి ఊగుతోంది.