ఇంటర్వ్యూకి పోయిన గరిటెలు

వహాబ్‌కి బ్యాంకు ఉద్యోగం ఎలా వచ్చిందని ఆత్మకూరులో ఎవర్నడిగినా, ఇంగ్లీషు దంచి తెచ్చుకున్నాడనే చెబుతారు. అందులో కొంత నిజం లేకపోలేదు. మిగతా నిజం తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు, ఒకరు వహాబ్, ఇంకొకరు వాళ్ల నాన్న.

డెబ్భై నాలుగులో వహాబ్ కావలిలో బీకాం ఆఖరి ఏడు చదువుతున్నాడు. ఆత్మకూరులో కొత్తగా ఒక బ్యాంకు తెరుస్తున్నారు, గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూకి రమ్మంటూ అతనికి కార్డు వచ్చింది. ఉదయగిరిలో వాళ్ల వీధికి అలాంటి కార్డు రావడం అదే మొదలు. తెచ్చిన పోస్టుమాను కూడా వెంటనే పోలేదు. తల్లి ఖాదర్‌బీ ఇచ్చిన టీ తాగి, కార్డు ఇంకోసారి చదివి వినిపించి మరీ పోయాడు.

తండ్రి మదార్ సాహెబు, వహాబ్ పిలుపులో అబ్బా, కొయ్య గరిటెలు చేసేవాడు. కొండ నుంచి తెచ్చిన నర్ది కర్ర చెక్కి, చేప తోకలూ తమలపాకులూ పిడి మీద తేల్చేవాడు. ఆయన చెక్కిన చెంచా నోట్లో పెట్టుకుంటే కర్ర అనిపించదని పేరు. పేరుకేం, పేరు అన్నం పెట్టదు. స్టీలు చెంచాలు వచ్చాక గిరాకీ పడిపోయింది. ఏళ్ల తరబడి పీల్చిన కర్ర పొట్టుకి దగ్గు పట్టుకుంది. ఉలి పట్టే చెయ్యి సాయంత్రానికి వణికేది. ఈ ఉద్యోగం రాకపోతే కొడుకు కూడా ఆ చాప మీదే, ఆ పొట్టులోనే కూర్చోవాలి. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనకపోయినా ముగ్గురూ దాన్ని తలకింద పెట్టుకునే పడుకునేవాళ్లు.

హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన రాజమోహన్ మేస్టారు అప్పటికి ఆత్మకూరుకి బదిలీ అయి ఉన్నాడు. వహాబ్ సెలవు రోజుల్లో బస్సెక్కి ఆయన దగ్గరికి పోయేవాడు. తలుపు దగ్గర ఆగి అడగడం, కూర్చోమంటేనే కూర్చోవడం, తెలియని ప్రశ్నకి తెలియదని చెప్పడం, అన్నీ మేస్టారు నేర్పించాడు. ఇంటికొచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకోవడానికి ఆఫీసరు ఎవరూ దొరక్క, వహాబ్ మేకని గుంజకి కట్టి దానికి గుడ్ మార్నింగ్ చెప్పేవాడు. మేక ఒక్కనాడూ తప్పు పట్టలేదు.

మేస్టారు నేర్పినవాటిలో ఒకటి అతనికి అన్నిటికంటే త్వరగా వంటబట్టింది.

"మీ నాయన ఏం చేస్తాడని అడిగితే బిజినెస్ అని చెప్పరా. గరిటెలంటే వాళ్ల కంటికి ఆనవు."

ఇంకో మాట కూడా చెప్పాడు మేస్టారు. వచ్చే ఆఫీసరు నిప్పులాంటి మనిషట. నెల్లూరులో ఎవరో సిఫారసు పట్టుకొస్తే గుమ్మంలోంచే పంపించేశాడట. ఈ మాట వహాబ్ ఇంట్లో చెప్పలేదు. సిఫారసు చేయించే స్తోమత మనకెక్కడిది, చెప్పి ఏం లాభం అనుకున్నాడు. చదువుకున్నవాడి ఆలోచన అలాగే ఉంటుంది మరి. తన పుస్తకాలు తనవి, తండ్రి ఉలి తండ్రిది అనుకున్నాడు. చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఎందుకంటే ఇంటర్వ్యూకి అతనొక్కడే తయారవడం లేదు. కార్డు వచ్చిన మర్నాటి నుంచే మదార్ సాహెబు మంచి కర్ర ఏరి, పొద్దున చెయ్యి వణకని వేళలో మాత్రం కూర్చుని, ఒక గరిటెల జత చెక్కుతున్నాడు. మద్రాసు షాపు ఆర్డరేమో అనుకున్నాడు వహాబ్. ఖాదర్‌బీకి సంగతి తెలుసు, చెప్పలేదు.

వాళ్ల వంశంలో పెద్దమనిషి గడప తొక్కేటప్పుడు వట్టి చేతులతో పోయే అలవాటు లేదు. మదార్ సాహెబు తాత తాసిల్దారు దగ్గరికి పోయినా, తండ్రి డాక్టరు దగ్గరికి పోయినా, తమ చేత్తో చేసిందేదో ఒకటి పట్టుకునే పోయారు. వాళ్లూ సంతోషంగా పుచ్చుకున్నారు. దీన్ని లంచం అని ఎవరైనా అంటే ఆయన నిజంగా నొచ్చుకుని ఉండేవాడు. లంచమంటే చాటుగా ఇచ్చే డబ్బు. ఇది సలాం. చేతిపనివాడు సలాం చేసేది తన చేతిపనితోనే కదా అని ఆయన లెక్క.

ఇంటర్వ్యూ ముందురోజు తండ్రీకొడుకులిద్దరూ ఆత్మకూరు వచ్చి తెలిసినవాళ్లింట్లో దిగారు. వహాబ్ చొక్కా ఇస్త్రీ చేయించుకోవడానికి పోయినప్పుడు, మదార్ సాహెబు గుడ్డలో చుట్టిన గరిటెలు చంకలో పెట్టుకుని ఆఫీసరు దిగిన ట్రావెలర్స్ బంగళాకి పోయాడు. ఆఫీసరు బయటికెళ్లి ఉన్నాడు. వాచ్‌మన్ గురుస్వామికి మూట ఇచ్చి, మాది ఉదయగిరి, రేపు మా పిల్లోడు ఇంటర్వ్యూకి వస్తాడు, కాస్త చల్లగా చూడమని దొరకి చెప్పమన్నాడు. తిరిగొచ్చి కడుపునిండా తిన్నాడు. ఆయన అంత సంతోషంగా ఎందుకున్నాడో వహాబ్ అడగలేదు.

మర్నాడు బంగళా వరండాలో చాలామంది కుర్రాళ్లున్నారు. వాళ్ల పెద్దవాళ్లు బయట గేటు పక్కన ఎండలో నిలబడ్డారు. వహాబ్ పేరు పిలిచారు. తలుపు దగ్గర ఆగి, అడిగి, లోపలికి పోయి, కూర్చోమన్నాక కూర్చున్నాడు. అప్పుడు చూశాడు. బల్ల మీద గుడ్డ విప్పి ఉంది. అందులో గరిటెలు.

ఎవరి చేతిపనో పోల్చుకోవడానికి అతనికి రెండో చూపు అక్కర్లేకపోయింది. ఆకు ఈనెలు కూడా కనిపించేలా, అంత పల్చగా ఇంకెవరూ తియ్యలేరు. ఇంత మంచి పని తండ్రి తన ముందు ఎప్పుడూ చెయ్యలేదని కూడా ఆ క్షణంలోనే తెలిసింది.

ఆఫీసరు గొంతు పెంచలేదు. "నేను లేనప్పుడు ఎవరో ఉదయగిరి సాయిబు ఇవి ఇచ్చిపోయాడు. కొడుకు ఇంటర్వ్యూకి వస్తున్నాడట. లంచం ఇచ్చి వచ్చేవాడి చేతికి నేను పరాయివాళ్ల సొమ్ము అప్పగించను. ఉదయగిరి నుంచి వచ్చింది నువ్వొక్కడివే. ఆయన మీ నాన్నగారేనా?"

అవునండీ, కానీ ఇది లంచం కాదు, మా అలవాటు ఇది అని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనకాలే పొట్టు, చాప, దగ్గు గుర్తొచ్చాయి.

"కాదు సార్. మా నాన్నగారిది బిజినెస్."

ఎన్నోసార్లు మేకకి చెప్పిన జవాబు. తడబాటు లేకుండా వచ్చింది. ఆఫీసరు నమ్మలేదు. నిన్నటి మనిషి బయట ఉంటే తీసుకురమ్మని గురుస్వామికి చెప్పాడు.

మదార్ సాహెబు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చాడు. దొర పిలిపించాడంటే గరిటెలు నచ్చాయనే అనుకున్నాడు. మొహం నిండా నవ్వుంది.

"ఈ అబ్బాయి నీ కొడుకేనా? కాదంటున్నాడు."

నవ్వు వెంటనే పోలేదు. పోవడానికి కాస్త టైము పట్టింది. మదార్ సాహెబు కొడుకు వైపు చూశాడు. వహాబ్ తల వంచుకుని, అరువు తెచ్చుకున్న బూట్ల వైపు చూస్తున్నాడు. తల ఎత్తితే ఏడ్చేస్తానని అతనికి తెలుసు. నిజం చెప్పెయ్ అబ్బా అని లోపల ఒక పక్క, చెప్పకు అబ్బా అని ఇంకో పక్క. రెండో పక్కే గట్టిగా ఉండింది.

"ఈ పిల్లోడెవరో నాకు తెలవదు సార్," అన్నాడు మదార్ సాహెబు. "నాకు కొడుకుల్లేరు. గిరాకీ లేక ఉట్టినే చెప్పినాను. కొడుకుండాడని చెప్తే తమరు గరిటెలు ఉంచుకుంటారని, మళ్లొచ్చి వాటికి దుడ్లు అడగొచ్చని."

ఈ వయసులో ఈ మోసాలేమిటని ఆఫీసరు చీవాట్లు పెట్టాడు. తప్పయిపోయిందన్నాడు మదార్ సాహెబు. పుట్టి బుద్ధెరిగాక ఒకరిని మోసం చెయ్యని మనిషి, రెండు చేతులూ జోడించి మోసం ఒప్పుకున్నాడు. గుడ్డ మూట చేతికిచ్చి, రెక్క పట్టుకుని గురుస్వామి బయటికి నడిపించాడు.

ఆఫీసరు వహాబ్‌కి సారీ చెప్పాడు. అనవసరంగా అనుమానించానన్నాడు. తర్వాత అడిగినవాటికి వహాబ్ జవాబులు చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. తర్వాతి రోజుల్లో తన మీద తనకి అసహ్యం వేసేది ఎక్కువగా దానికే.

బస్టాండులో తండ్రి కనిపించలేదు. వహాబ్ ఇల్లు చేరిన చాలాసేపటికి, తర్వాత బస్సుకి వచ్చాడు. ఖాదర్‌బీ ఆత్రంగా అడిగితే, పిల్లోడు బాగా చెప్పినాడు, దొర మెచ్చుకున్నాడు అన్నాడు. గరిటెలు నచ్చాయా అంటే నచ్చినాయన్నాడు. వాటిని దారిలో ఏం చేశాడో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి వహాబ్ కంచం ముందు కూర్చున్నాడు. తండ్రి తిడతాడని చూశాడు, కొడతాడని చూశాడు. మదార్ సాహెబు కంచంలో ఉన్నది తినేసి, చెయ్యి కడుక్కుని పడుకున్నాడు.

ఉద్యోగం వచ్చింది. వహాబ్ ఆత్మకూరులో గది తీసుకున్నాడు. మదార్ సాహెబు సంత రోజున గరిటెలు తెచ్చేవాడు. బ్యాంకు ముందు ఎదురుపడితే పక్కకి తప్పుకుని, సలాం సార్ అని తన దారిన పోయేవాడు. మొదట్లో అది జాగ్రత్త అనుకున్నాడు వహాబ్. ఏళ్లు గడిచాక ఒకరోజు బస్టాండులో ఆపి, ఆ ఆఫీసరు ఎప్పుడో బదిలీ అయి పోయినాడు, ఇంక ఎవరికి భయం అబ్బా అని అడిగాడు.

"గురుస్వామి ఈ ఊర్లోనే ఉండాడు గదా సార్," అన్నాడు మదార్ సాహెబు, చుట్టూ చూసి. "మీ ఉద్యోగం పోతే నా చెయ్యి ఇంక ఉలి పట్టదు."

కోపం ఉండి ఉంటే బాగుండేది. ఆ గొంతులో కోపం లేదు. కోపం లేని మనిషికి క్షమాపణ ఎలా చెప్పాలో రాజమోహన్ మేస్టారు నేర్పలేదు. వహాబ్ బస్సు కదిలేదాకా నిలబడి, వెనక్కి వచ్చేశాడు.

ఎనభై రెండులో దగ్గు ముదిరి మదార్ సాహెబు మంచం పట్టాడు. వహాబ్ బ్యాంకు నుంచి నేరుగా వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా పక్కన కూర్చుని, తల ఎత్తిపట్టి నీళ్లు తాగించబోయాడు. మదార్ సాహెబు కళ్లు తెరిచి చాలాసేపు చూశాడు.

"మీకెందుకు సార్ శ్రమ," అన్నాడు.

జ్వరంలో కన్నబిడ్డని పోల్చుకోలేదని ఖాదర్‌బీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. వహాబ్‌కి మాత్రం ఆయన పోల్చుకున్నాడనే అనిపించింది.