యల్లక్కకూ కోసినారంట

ఎవరికి ఏ జబ్బు వచ్చినా, అది యల్లక్కకు అంతకుముందే వచ్చి పోయి ఉండేది. పెనుకొండలో మా పక్కింటి మనిషి. బుడన్‌సాబ్ మేకకు గాలికుంటు వస్తే, "నాకూ వచ్చిండె, రెండు కాళ్లకూ" అంది. మీసంలో కురుపు లేచిందని చౌడప్ప మూలిగితే, "నాకు దీనికంటే పెద్దది లేచిండె" అంది. చౌడప్ప ఆమె పైపెదవి చూసి, నొప్పి మరిచి నవ్వాడు.

1961లో నాకు తొలికాన్పు. నెలలు నిండినా బిడ్డ అడ్డంగానే ఉంది. మా ఆయన, యల్లక్క నన్ను బస్సెక్కించి హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరమ్మ పొట్ట తడిమి, "రేపు పొద్దున ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తాం" అంది.

కడుపు కోయించుకుని బతికిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఒకటే ఏడుపు. నీళ్లు తెస్తానని పోయిన యల్లక్క చాలాసేపటికి తిరిగొచ్చింది.

"ఎందుకే ఏడుస్తావు కొండమ్మా? నాకూ కోసినారు కదా!"

"నీకా? ఎప్పుడు?"

"మా చిన్నోడప్పుడు, కదిరిలో. అప్పటికి నువ్వు మా ఊరికి కోడలుగా రాలేదులే. ఇప్పుడు చూడు, రెండు బిందెలు మోస్తాండానా లేదా?"

"మోస్తాండావు."

"నడుంలో సూదేస్తారు. కింద నొప్పి తెలీదు. బిడ్డ ఏడుపు నీ చెవులతో నువ్వే వింటావు. తర్వాత దగ్గొస్తే పొట్టకు దిండు అదుముకోవాల. రెండో దినం లేపి నడిపిస్తారు. నర్సమ్మను తిట్టుకో, కానీ నడువు."

అన్నీ అట్లాగే జరిగాయి. ఆడపిల్ల. దాని ఏడుపు నా చెవులతో నేనే విన్నాను. రెండో రోజు నర్సమ్మను తిట్టుకుంటూ నాలుగు అడుగులు వేశాను.

కడుపులో గాలి కదిలితేగానీ గంజి ఇవ్వరట. గంటగంటకూ యల్లక్క అడిగేది, "పోయిందా?" అని. మూడోరోజు పోయింది. ఆ శుభవార్త ఆమె వార్డంతా వినిపించేలా చాటింది. మా ఆయన సిగ్గుతో వరండాలోకి పారిపోయాడు.

ఎనిమిదోరోజు కుట్లు విప్పుతూ నర్సమ్మ నవ్వింది.

"మీ అక్క ఆపరేషన్‌కు ముందు గంటసేపు నన్ను కదలనీలేదమ్మా. సూది యాడేస్తారు, దగ్గొస్తే ఏం చేయాల, ఒక్కోటీ మూడుసార్లు అడిగింది. ఇవన్నీ నీకెందుకని నేనడిగితే, 'మా పిల్ల భయపడతాంది, తెలిసినట్టు చెప్పాల' అనింది."

"ఆమెకూ ఆపరేషన్ అయింది కదా?"

"యాడిది? ఇద్దర్నీ ఇంట్లోనే కనిందంట. సూదంటేనే భయమంట ఆమెకు."

గంజిగిన్నెతో వస్తున్న యల్లక్క ఆ మాట విని, గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగింది.

ఆ మధ్యాహ్నం ఎదురు మంచంలోకి గోరంట్ల నుంచి ఫాతిమాబీ అనే అమ్మాయి వచ్చింది. ఆపరేషన్ అనగానే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. యల్లక్క లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

"ఎందుకు తల్లీ ఏడుస్తావు? నాకూ కోసినారు."

ఫాతిమాబీ నమ్మలేక నావైపు చూసింది. "నిజమేనా అక్కా?"

యల్లక్క కూడా నావైపు చూసింది. ఆ ముఖంలో బెదురు చూడటం నాకదే మొదటిసారి.

"నిజమే ఫాతిమాబీ. ఒకసారి కాదు, ఈమెకు రెండుసార్లు కోసినారు" అన్నాను.

ఫాతిమాబీ కళ్లు తుడుచుకుంది. యల్లక్క ముఖం వెలిగిపోయింది. అక్కడితో ఊరుకుంటే ఆమె యల్లక్క ఎందుకవుతుంది?

"మూడు" అంది.